ఆ జవాబులో ‘క్షీరదాల్లో’ అన్న ఒక్క మాట కలపండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్లో వచ్చే పిల్లల పేజీ మా ఇంట్లో ఒక్క వారం కూడా మిస్ అవ్వం అండి. మా అక్క కొడుకు ఎనిమిదో క్లాసు, పేజీ చదవగానే అందులో ఏదో ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చేస్తాడు. మొన్న కూడా పేపరు మడిచి చేతిలో పట్టుకొచ్చాడు. అందులో "ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఎందుకు ఉండదు?" అని ప్రశ్న, కింద జవాబు. జంతువుల రక్తంలో ఎర్రకణాలు ఎముక మజ్జలో పుడతాయి, ముదిరేటప్పుడు కేంద్రకాన్ని బయటికి నెట్టేసి ఆ జాగాలో కూడా హీమోగ్లోబిన్ నింపుకుంటాయి, 120 రోజులు బతుకుతాయి అని రాశారు. చదవడానికి బాగుంది, బొమ్మ కూడా నీట్‌గా వేశారు. వాడు మాత్రం "మావయ్యా, చేపకి ఉండేవి ముళ్ళే కదా, అంత సన్నటి ముల్లులో మజ్జ ఎక్కడ పడుతుంది, మరి దానికి రక్తం ఎక్కడ తయారవుద్ది?" అన్నాడు.

చాలా మంచి ప్రశ్న అండి అది, ఆ ప్రశ్నకి మీ జవాబులో చోటు లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నా. మీరు రాసింది మనిషికి కరెక్టే, కుక్కకి ఎలకకి తిమింగలానికి కూడా ఇంచుమించు కరెక్టే (ఆ 120 రోజుల లెక్క మటుకు మనిషిది). కానీ "జంతువుల రక్తంలో" అని రాసేసరికి చేపలు, కప్పలు, పాములు, పక్షులు అన్నీ అందులోకి వచ్చేశాయి, వాటి ఎర్రకణాలు పుట్టిన దగ్గర్నుంచి పోయేదాకా కేంద్రకం పెట్టుకునే తిరుగుతాయి. వెన్నెముక ఉన్న జంతువుల జాతులన్నీ లెక్కేస్తే అందులో దాదాపు సగం చేపలే. కప్పల బంధువులైన సాలమాండర్లలో ఏవో కొన్ని రకాల్ని, అరుదైన ఒకటో రెండో చేపల్ని పక్కన పెడితే కేంద్రకం వదిలేసే పద్ధతి మన క్షీరదాలది మాత్రమే. అంటే మనం మినహాయింపుని తీసుకొచ్చి రూల్ అని పిల్లలకి చెప్తున్నాం అన్నమాట.

నేను చాలా ఏళ్ళు డిగ్రీ పిల్లలకి జువాలజీ ప్రాక్టికల్స్ చెప్పినవాణ్ణి. రక్తం క్లాసు వచ్చినప్పుడల్లా ఒకే బల్ల మీద రెండు మైక్రోస్కోపులు పెట్టేవాణ్ణి, ఒకదాంట్లో మనిషి రక్తం స్మియర్ (గాజు స్లైడు మీద పల్చగా పూసిన చుక్క), రెండోదాంట్లో చేప రక్తం స్మియర్, రెండూ ఒకే సీసాలోంచి తీసిన జీమ్సా స్టెయిన్ (కణాలకి పట్టించే రంగు మందు) వేసినవే. మనిషి స్లైడులో గుండ్రటి గులాబీ బిళ్ళలు కనపడతాయి, మధ్యలో కొంచెం పాలిపోయి ఉంటాయి, సైజు ఏడెనిమిది మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చేప స్లైడులో కోడిగుడ్డు ఆకారం, దానికంటే పొడుగు, మామూలు ఎముక చేపల్లో పన్నెండు మైక్రాన్ల దాకా ఉంటుంది, మధ్యలో ముదురు ఊదా రంగులో చిన్న గింజలాగా కేంద్రకం, చుట్టూ గులాబీ రంగు. షార్కుల్లో ఇంకా పెద్దవి, 20 మైక్రాన్లు కూడా దాటతాయి, లంగ్‌ఫిష్ అని ఊపిరితిత్తులతో గాలి పీల్చే చేప ఒకటుంది, దాంట్లో 40 మైక్రాన్ల దాకా ఉంటాయి. ఇక్కడో మాట, గుడ్డు ఆకారం ఉన్నంత మాత్రాన కేంద్రకం ఉన్నట్టు కాదు, ఒంటె ఎర్రకణాలు కూడా కోలగానే ఉంటాయి కానీ అది క్షీరదం కాబట్టి వాటిల్లో కేంద్రకం ఉండదు.

ఒక ఏడాది ఒక అమ్మాయి ఆ చేప స్లైడు చాలాసేపు చూసి తల ఎత్తి "సార్, ఇందులో అన్నీ తెల్లకణాలే ఉన్నాయి, ఈ చేపకి బ్లడ్ కాన్సరా?" అని అడిగింది. ముఖం చూస్తే నిజంగానే బాధపడుతోంది. ఆ పిల్ల తప్పేం లేదండి, స్కూల్లో తను నేర్చుకున్న రూలు ప్రకారం కేంద్రకం ఉంటే తెల్లకణం లేకపోతే ఎర్రకణం, ఆ రూలు పట్టుకుని చూస్తే చేప రక్తంలో ఎర్రకణం అనేదే లేదు. తర్వాత ఒకసారి నాకూ అలాంటి దెబ్బే తగిలింది, పని తొందరగా అయిపోతుందని చేప రక్తం శాంపిల్ని మనుషుల రక్తం పరీక్ష చేసే ల్యాబుకి పంపించాం, రిపోర్టులో తెల్లకణాలు లక్షల్లో ఉన్నాయని వచ్చింది. ఆ మెషీన్ తెల్లకణాలు లెక్కపెట్టే ముందు ఒక మందు వేసి ఎర్రకణాలన్నీ పగలగొడుతుంది, ఇక మిగిలే కేంద్రకాలన్నీ తెల్లకణాలవే అని దాని లెక్క, చేప దగ్గరికి వచ్చేసరికి పగిలిన ప్రతి ఎర్రకణం నుంచీ ఒక కేంద్రకం మిగిలిపోతుంది, అది వాటిని కూడా తెల్లకణాల కింద కలిపేస్తుంది. అందుకే చేప రక్తం మీద పనిచేసేవాళ్ళు ఇప్పటికీ గళ్ళ స్లైడు పెట్టుకుని మైక్రోస్కోపులో కళ్ళతో చూసి ఒక్కొక్క గడీ లెక్కపెడతారు. కేంద్రకం ఉండదు అన్న రూలు మీద కట్టిన మెషీన్ కేంద్రకం ఉన్న రక్తం ఇస్తే ఏం చేయగలదు.

ఇదేమీ కొత్తగా తెలిసిన సంగతి కూడా కాదు. మూడొందల ఏళ్ళ కిందటే డచ్ దేశస్థుడు లీవెన్‌హుక్ తను అరగదీసుకున్న చిన్న లెన్సుల్లోంచి చేపల రక్తం చూసి కణాలు కోలగా ఉన్నాయని రాసిపెట్టాడు, సాల్మన్ రక్తకణం మధ్యలో ఒక మచ్చలాంటిది కూడా గమనించాడు, అప్పటికి కేంద్రకం అన్న పేరే పుట్టలేదు.

సరే, ఇప్పుడు మా వాడు అడిగిన ప్రశ్నకి వస్తా. రక్తం ఎముక మజ్జలో తయారవుతుందని 1868లో జర్మనీలో ఎర్నెస్ట్ నాయ్‌మన్ చెప్పాడు, ఆయన చూసింది మనుషుల, కుందేళ్ళ మజ్జ. చేపకి ఎముకలుంటాయి కానీ వాటిల్లో రక్తం తయారుచేసే మజ్జ ఉండదు. షార్కుకైతే అసలు ఎముకలే లేవు, మొత్తం మృదులాస్థే. మరి తయారీ ఎక్కడంటే కిడ్నీలో. అవునండి, కిడ్నీలోనే. చేపని కోసి పేగులు, గాలితిత్తి అన్నీ తీసేశాక వెన్నుపూస కిందుగా తల వెనక నుంచి తోక వైపుకి ముదురు ఎరుపు రంగులో మెత్తగా ఒక పట్టీలాగా అతుక్కుని ఉంటుంది చూడండి, చాలామంది అది గడ్డకట్టిన రక్తం అనుకుని గోకి పారేస్తారు, అదే కిడ్నీ. అందులో తల వైపు ఉండే భాగాన్ని తల కిడ్నీ అంటారు. చాలా రకాల ఎముక చేపల్లో పెద్దయ్యాక ఆ భాగం మూత్రం వడకట్టే పని మానేసి పూర్తిగా రక్తం తయారీకి, హార్మోన్లకి, రోగ నిరోధక కణాలకి కేటాయించుకుంటుంది. వెనక భాగంలో మాత్రం మూత్రం వడకట్టే గొట్టాలూ ఉంటాయి, వాటి మధ్య సందుల్లో రక్తం తయారుచేసే కణాలూ ఉంటాయి, రెండు పనులూ పక్కపక్కనే జరుగుతాయి. ప్లీహానికీ (స్ప్లీన్) ఇందులో పాత్ర ఉంది, షార్కుల్లో ఐతే ఎర్రకణాలు తయారయ్యేది ముఖ్యంగా ప్లీహంలోనే.

ఎముకలో మజ్జ దాక్కోవడానికి ఒక గోడ ఉంది, మరి కిడ్నీలో మెత్తగా ఉన్న మూలకణాలకి, అంటే రక్తకణాలన్నీ పుట్టుకొచ్చే కణాలకి, రక్షణ ఏంటి అని నాకు ఎప్పుడూ అనుమానం ఉండేది. 2018లో నేచర్ పత్రికలో దానికి ఒక జవాబు వచ్చింది. జీబ్రాఫిష్ అని ల్యాబుల్లో పెంచే చిన్న చేప కిడ్నీ పైన నల్లటి రంగు కణాలు గొడుగు వేసినట్టు పరుచుకుని ఉంటాయి, పై నుంచి నీళ్ళలోకి దిగే అల్ట్రావయొలెట్ కిరణాలు మూలకణాల మీద పడకుండా ఆ గొడుగు ఆపుతుంది. రంగు కణాలు లేని చేపల్లో ఆ కిరణాల వల్ల మూలకణాల డీఎన్‌ఏ దెబ్బతింటుందని చూపించారు. చేప ఒంట్లో ఆ నల్లటి పొరని నేనెన్నిసార్లు చూశానో, ఊరికే రంగు అనుకుని దాటిపోయా.

ఇక ఆ కిడ్నీలో కణం ఎలా ముదురుతుందో చెప్తా, నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి, బ్లాటింగ్ పేపర్ మీద ఒత్తి తడి తీసేసి, దాన్ని స్లైడు మీద మెల్లగా అద్దితే కణాలు అచ్చు పడతాయి, ఆరాక స్టెయిన్ వేస్తే ఒక్క స్లైడులోనే అన్ని వయసుల కణాలూ దొరుకుతాయి. ముందు పెద్ద గుండ్రటి కణం కనపడుతుంది, కణం మొత్తం కేంద్రకమే అన్నట్టు ఉంటుంది, ఆ కేంద్రకం లోపల పదార్థం వదులుగా అల్లిన వలలాగా ఉంటుంది, చుట్టూ సన్నగా ఒక అంచు, ఆ అంచు రంగు మంచి ముదురు నీలం. ఎర్రకణం అని పేరు పెట్టుకుని మొదట నీలంగా ఎందుకుంది అని ప్రతి బ్యాచిలో ఎవరో ఒకరు అడుగుతారు. అప్పటికి ఆ కణం హీమోగ్లోబిన్ ఇంకా తయారుచేయలేదు, చేయడానికి సరంజామా సిద్ధం చేసుకుంటోంది, అంటే కణం నిండా ప్రోటీన్ తయారుచేసే రైబోసోములు, వాటి నిండా ఆర్‌ఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏకి ఆమ్ల గుణం కాబట్టి స్టెయిన్‌లో ఉన్న నీలం రంగు వెళ్ళి దానికి పట్టుకుంటుంది. తర్వాత కణం రెండుగా నాలుగుగా విడిపోతూ పోతుంది, విడిపోయిన కొద్దీ సైజు తగ్గుతుంది, లోపల హీమోగ్లోబిన్ పేరుకుంటుంది, దానికి స్టెయిన్‌లోని ఇయోసిన్ అనే ఎర్ర రంగు పట్టి గులాబీ రంగు వస్తుంది. కాబట్టి మధ్య వయసు కణాల్లో నీలం గులాబీ రెండూ కలిసి ఒక రకమైన మబ్బు రంగు కనపడుతుంది, బూడిద అనాలో లేత వంగపండు అనాలో తెలీదు, ఒకసారి కంటికి అలవాటైతే మాత్రం మళ్ళీ మర్చిపోరు. ఆఖరికి నీలం పోయి గులాబీ మిగులుతుంది, కేంద్రకం చిక్కబడి గింజ కట్టేస్తుంది, గుండ్రటి కణం మెల్లగా కోలగా సాగుతుంది.

ఆ కోల ఆకారం ఎలా వస్తుందంటే కణం అంచు వెంబడి లోపల సన్నటి గొట్టాల్లాంటి మైక్రోట్యూబ్యూల్స్ కట్టలా చేరి ఒక చుట్టు చుడతాయి, చాట అంచుకి వెదురు బద్ద కట్టినట్టు, ఆ బద్ద వల్ల కణం చదునుగా కోలగా నిలబడుతుంది. మన ముదిరిన ఎర్రకణాల్లో ఆ చుట్టు ఉండదు.

సరిగ్గా ఈ ఆఖరి మెట్టు దగ్గరే మన దారి చేప దారి విడిపోతాయి. అప్పటిదాకా రెండూ ఒకటే, అదే నీలం అదే మబ్బు అదే గులాబీ, ఇంచుమించు అవే జన్యువులు. మన కణం అక్కడ కేంద్రకాన్ని బయటికి తోసేస్తుంది, చేప కణం దాన్ని చిన్నది చేసి దగ్గర పెట్టుకుంటుంది. ఇంకో తేడా ఏంటంటే మన దగ్గర కణం దాదాపు పూర్తిగా తయారయ్యాకే మజ్జ దాటి బయటికి వస్తుంది, చేపలో మాత్రం చాలా కణాలు లేతగా ఉండగానే రక్తంలోకి దిగిపోయి తిరుగుతూ తిరుగుతూ ముదురుతాయి. అందుకే మామూలు చేప రక్తం స్మియర్లో కూడా అక్కడక్కడ కొంచెం గుండ్రంగా కొంచెం నీలంగా పిల్ల కణాలు కనపడతాయి, అప్పుడప్పుడూ రక్తంలోనే రెండుగా చీలుతున్న కణం కూడా దొరుకుతుంది. చేపకి రక్తం పోయినా, రక్తహీనత వచ్చి తేరుకుంటున్నా ఈ పిల్ల కణాల సంఖ్య అమాంతం పెరుగుతుంది. పరిశోధన చేసేవాళ్ళు ఫినైల్‌హైడ్రజీన్ అనే మందు ఇచ్చి ముదురు కణాలు నాశనమయ్యేలా చేసి, తర్వాత రోజు రోజూ ఒక్కో స్మియర్ తీసి చూస్తారు, కొత్త కణాలు పుట్టి ముదరడం మొత్తం వరసగా కనపడుతుంది.

మరి ఎన్ని కణాలు కావాలో కిడ్నీకి ఎవరు చెప్తారు? మనలో ఆక్సిజన్ తగ్గితే కిడ్నీ కనిపెట్టి ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ వదుల్తుంది, అది మజ్జకి వెళ్ళి కణాలు పెంచమని చెప్తుంది, కిడ్నీలు దెబ్బతిన్నవాళ్ళకి రక్తం తగ్గిపోవడానికి ఇదే ముఖ్య కారణం, వాళ్ళకి ఆ హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తారు కూడా. ఈ హార్మోన్ జన్యువుని చేపలో మొదట పట్టుకుంది ఫుగు అనే పఫర్ చేపలో, 2004లో. జీబ్రాఫిష్‌లో 2007లో. ఫుగులో అది ఎక్కువగా తయారయ్యేది గుండెలో! నేను ఇది మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ మళ్ళీ వెనక్కి తిప్పి చదివా. మనకి కిడ్నీ ఆర్డర్ వేస్తే ఎముక తయారుచేస్తుంది, ఆ చేపకి గుండె ఆర్డర్ వేస్తే కిడ్నీ తయారుచేస్తుంది. ఆలోచిస్తే సబబుగానే ఉంది, చేప ఒంటి మొత్తం తిరిగి ఆక్సిజన్ అంతా వాడేసుకున్న రక్తం మొప్పలకి వెళ్ళే ముందు వచ్చేది గుండెకే, లోటు ఎంతుందో అక్కడ బాగా తెలుస్తుంది. ఇది నేను అనుకునేది, దీన్ని రుజువు కింద తీసుకోవద్దు.

పెద్ద చేప సంగతి ఇలా ఉంటే, గుడ్డులో ఉన్న పిల్ల చేపకి రక్తం పుట్టడం ఇంకా చూడాల్సిన విషయం. జీబ్రాఫిష్ పిండం అద్దంలా పారదర్శకంగా ఉంటుంది, కోయక్కర్లేదు, స్టెయిన్ వేయక్కర్లేదు, గుడ్డుని నీటి చుక్కలో పెట్టి మైక్రోస్కోపు కింద పెడితే చాలు. గుడ్డు ఫలదీకరణ జరిగి సుమారు ఒక రోజు గడిచాక చూస్తే గుండె అప్పటికే కొట్టుకుంటూ ఉంటుంది కానీ రక్తనాళంలో ఏమీ కదలదు. వెన్ను కిందుగా నడుము దగ్గర నుంచి తోక వైపుకి కణాలు గుంపుగా ఇరుక్కుని కూర్చుని ఉంటాయి. చూస్తూ ఉండగా ఒకటో రెండో కణాలు ఊడి జారతాయి, గుండె కొట్టినప్పుడల్లా కొంచెం ముందుకి, మళ్ళీ ఆగి, మళ్ళీ కొంచెం, ఆ తర్వాత ఒక్కసారిగా గుంపు మొత్తం వరస కట్టేస్తుంది. సుమారు 24 నుంచి 26 గంటల మధ్య జరుగుతుంది ఇది. అప్పటికి ఆ కణాలు ఇంకా గుండ్రంగానే ఉంటాయి, రంగు సరిగ్గా రాదు, తిరుగుతూనే ఎర్రబడి కోలగా మారతాయి. నేను చూసిన రోజు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

ఈ మొదటి బ్యాచ్ తాత్కాలికం అండి. జీవితాంతం రక్తం ఇచ్చే మూలకణాలు పుట్టేది వేరే చోట, అదే చేపలో అతి పెద్ద ధమని అడుగు గోడలో. ఒకటిన్నర రోజు వయసులో ఆ గోడలోని కణమే ఒకటి వంగి, ఉబ్బి, పక్క కణాల పట్టు వదిలించుకుని గోడలోంచి విడిపడి బయటికి వస్తుంది. 2010లో రెండు టీములు దీన్ని బతికున్న జీబ్రాఫిష్‌లో వీడియో తీసి నేచర్‌లో పెట్టారు, అంతవరకు రక్తనాళం గోడ కణమే రక్త మూలకణం అవుతుందా లేదా అని ఏళ్ళ తరబడి వాదన నడిచింది. బయటపడ్డ ఆ మూలకణాలు ముందు తోక దగ్గర ఒక చోట ఆగి పెరిగి, నాలుగో రోజు నుంచి కిడ్నీలోకి చేరడం మొదలుపెడతాయి, ఆ తర్వాత ఇక అదే వాటి ఇల్లు. మనిషి పిండంలోనూ మొదటి బ్యాచ్ వేరే, అది పచ్చసొన సంచి దగ్గర పుడుతుంది, తర్వాత కాలేయం, ఆ తర్వాతే మజ్జ. ఇంకో సంగతి, మనం తల్లి కడుపులో ఉన్నప్పుడు ఆ మొదటి బ్యాచ్ ఎర్రకణాలు కేంద్రకంతోనే రక్తంలోకి దిగి కొన్నాళ్ళు చేప కణాల్లాగే తిరుగుతాయి. కాబట్టి "ఎర్రకణాల్లో కేంద్రకం ఉండదు" అన్నది మనిషి విషయంలో కూడా పుట్టకముందు కొన్నాళ్ళు నిజం కాదు.

ఇది తెలుసుకుని ఏం లాభం అనేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇదీ చెప్తా. 1996లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో, అమెరికాలోని బోస్టన్‌లో వేల కొద్దీ జీబ్రాఫిష్ మ్యూటెంట్లని (జన్యువుల్లో మార్పు వచ్చిన చేపల్ని) జల్లెడ పట్టిన ఫలితాలు వచ్చాయి, అందులో రక్తం సరిగ్గా రాని పిల్లలు చాలా రకాలు దొరికాయి, పాలిపోయి ఉన్నాయని వాటికి వైన్ల పేర్లు పెట్టారు, షార్డొనే, రీస్లింగ్, సోటర్న్ అలా. ఒక్కో పేరు వెనక ఒక్కో జన్యువు ఉంది. సోటర్న్‌లో హీమ్ (హీమోగ్లోబిన్‌లో ఇనుము ఉండే భాగం) తయారీకి మొదటి మెట్టులో పనిచేసే ఎంజైము పాడైంది, రీస్లింగ్‌లో కణం పొర కింద ఉండే స్పెక్ట్రిన్ అనే ప్రోటీన్ పాడై కణాలు బంతుల్లా అయిపోతాయి, మనుషుల్లో ఈ రెండు రకాల రక్తహీనతలూ ఉన్నాయి. వైస్‌హెర్బ్‌స్ట్ అనే పాలిపోయిన చేపపిల్లలో 2000లో ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్ జన్యువు దొరికింది, మన పేగుల్లోంచి ఇనుముని రక్తంలోకి దాటించే తలుపు అదే, దాంట్లో లోపం వల్ల ఒంట్లో ఇనుము పేరుకుపోయే మనుషుల్ని తర్వాత గుర్తించారు. ఇవన్నీ చేపలోనే ఎందుకు వీలైంది అంటే ఎర్రకణాలు లేకపోయినా జీబ్రాఫిష్ పిండం కొన్ని రోజులు నీళ్ళలోంచి చర్మం ద్వారా వచ్చే ఆక్సిజన్‌తోనే బతికేస్తుంది, ఎలక పిండం ఐతే కడుపులోనే పోతుంది.

అంటార్కిటికా చుట్టూ ఉండే ఐస్‌ఫిష్‌లు ఐతే జీవితాంతమే అలా బతుకుతాయి. నార్వే శాస్త్రవేత్త యోహాన్ రూడ్ 1954లో వీటి రక్తం పరీక్షించి అందులో హీమోగ్లోబిన్ లేదని రాశాడు, రక్తం నీళ్ళలా ఉంటుంది, మొప్పలు తెల్లగా ఉంటాయి. సున్నా డిగ్రీల దగ్గర ఉండే ఆ చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుతుంది, ప్లాస్మాలో (రక్తంలో కణాలు కాకుండా మిగిలిన ద్రవంలో) కరిగి వచ్చేదే వాటికి సరిపోతుంది, దానికోసం గుండె పెద్దదైంది, ఒంట్లో రక్తం మోతాదు పెరిగింది. హీమోగ్లోబిన్‌లో ఒక సగం తయారుచేసే జన్యువు వాటిల్లో మొత్తానికే పోయింది, రెండో సగానిది ముక్క మాత్రం మిగిలింది.

ఇక ముదిరిన చేప కణం గురించి ఒక మాట. కేంద్రకం ఉందంటే ఊరికే మోసుకు తిరుగుతుందని కాదు, అందులో జన్యువులు పనిచేస్తూనే ఉంటాయి, మైటోకాండ్రియాలు కూడా ఉంటాయి. దీనివల్ల మంచీ ఉంది చెడూ ఉంది. మన ఎర్రకణంలోకి వైరస్ దూరినా కాపీలు తీసుకోడానికి లోపల ఏ యంత్రాంగమూ లేదు, చేప కణంలో ఉంది. 2010లో కనుక్కున్న పిసైన్ ఆర్థోరియో వైరస్ ముఖ్యంగా సాల్మన్ చేపల ఎర్రకణాల్లో పెరుగుతుంది. అదే సమయంలో ఆ కణం ఊరికే కూర్చోదు, వైరస్‌ని ఎదుర్కొనే జన్యువుల్ని ఆన్ చేసుకుంటుంది. నీళ్ళ కాలుష్యం పరీక్షకి కూడా ఇదే కేంద్రకం పనికొస్తుంది, నీళ్ళలో డీఎన్‌ఏని దెబ్బతీసే రసాయనాలుంటే తయారయ్యే కణాల్లో క్రోమోజోమ్ ముక్కలు విరిగి కేంద్రకం పక్కన చిన్న చుక్కలాగా మిగులుతాయి, దాన్ని మైక్రోన్యూక్లియస్ అంటారు, ఒక చుక్క రక్తం స్మియర్ తీసి ఆ చుక్కలున్న కణాలు లెక్కపెడితే చాలు. ముసలి కణాల్ని ఆఖరికి ప్లీహంలో, కిడ్నీలో ఉండే పెద్ద కణాలు మింగేసి ఇనుము వెనక్కి తీసి మళ్ళీ కొత్త కణాలకి ఇస్తాయి, ఆ విషయంలో మనకీ వాటికీ తేడా లేదు.

నేను అడిగేది పెద్దదేం కాదండి. వచ్చే వారం ఆ పేజీలో సవరణ వేయండి, "జంతువుల రక్తంలో" అన్న చోట "మనిషితో సహా క్షీరదాల్లో" అని మార్చండి, కింద ఒక లైను, "చాలా చేపల్లో ఎర్రకణాలు కిడ్నీలో పుడతాయి, ముదిరాక కూడా కేంద్రకం ఉంటుంది" అని పెట్టండి. వీలైతే రెండు రక్తాల ఫోటోలూ పక్కపక్కన వేయండి, బొమ్మ గీయించే పని లేదు, నా దగ్గర మంచి స్లైడ్ల ఫోటోలున్నాయి, చెప్తే పంపిస్తా. మా వాడికి మాత్రం నేను చెప్పలేదు, ఆదివారం మైక్రోస్కోపు దగ్గర కూర్చోబెడతానన్నా, కిడ్నీ స్లైడు తీసి పెట్టా, నీలం కణం ఎక్కడుందో వాణ్ణే వెతుక్కోమంటా.

ఇట్లు
మీ పాఠకుడు, జువాలజీ రిటైర్డ్ లెక్చరర్